అప్పటికప్పుడు

అవధాని ‘శ్రీ’ అంటారు. ‘శ్రీరామ’ అనబోతున్నారని పసిగట్టిన పృచ్ఛకుడు వెంటనే ‘రకారం నిషిద్ధం’ అంటారు. అవధాని ‘క’ వేస్తారు. ‘శ్రీకర’ వైపు నడుస్తున్నారేమోనని అనుమానం వచ్చి పృచ్ఛకుడు మళ్లీ రకారానికే అడ్డుకట్ట వేస్తారు. అవధాని నవ్వి ‘ళ’ అంటారు. శ్రీకళ! ఒక గురువు, రెండు లఘువులు. కందపద్యానికి పనికొచ్చే భగణం కుదిరింది. సభ చప్పట్లు కొడుతుంది. ఆ సందడిలో ఇంకో సంగతి కూడా జరిగిపోయింది. రెండో అక్షరంగా ‘క’ పడింది కనుక మిగిలిన మూడు పాదాల్లోనూ ప్రాసస్థానంలో కకారమే రావాలి. పద్యం ఎటు నడవాలో సగానికి సగం అడ్డుపడిన మనిషే తేల్చేశారన్నమాట.

ఒక్క నిషిద్ధాక్షరి సంగతే ఇది. అష్టావధానంలో ఇలాంటివాళ్లు ఎనిమిది మంది కూర్చుంటారు. ఒకరు వినగానే అసంబద్ధంగా తోచే పాదం ఒకటిచ్చి సమస్యను పూరించమంటారు. ఇంకొకరు నాలుగు మాటలిచ్చి, వాటిని నాలుగు పాదాల్లో పొదిగి రామాయణార్థంలో పద్యం చెప్పమంటారు. ఇచ్చిన మాట ‘కారు’ అయితే అది రోడ్డు మీద తిరిగే బండిగా రాకూడదు. కారుచీకటిలోనో, ‘పరాయివారు కారు’ అన్నచోటనో ఒదిగిపోవాలి. వర్ణన అడిగేవారు ఒకరు. గంట కొట్టేవారు మరొకరు, ఎన్నిసార్లు కొట్టారో చివర్లో చెప్పాలి. ఇవన్నీ సాగుతుండగా అప్రస్తుత ప్రసంగి మధ్యలో దూరి, పొంతన లేని ప్రశ్నలతో ధ్యాస మళ్లించాలని చూస్తారు. ఒక్కో ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కో పాదం చొప్పున చెప్పుకుంటూ పోయి, నాలుగు ఆవృత్తుల్లో పద్యాలన్నీ పూర్తిచేసి, ఆఖరున వాటన్నిటినీ వరసగా అప్పజెప్పాలి. దాన్నే ధారణ అంటారు. అవధాని చేతిలో కాగితం ఉండదు, కలం ఉండదు.

చూసేవాళ్లకు ఇదంతా దైవదత్తంగా కనిపిస్తుంది. అమ్మవారు నాలుక మీద బీజాక్షరాలు రాసిందని చెప్పుకోవడం మనకు ఇష్టం కూడా. కానీ అప్పటికప్పుడు పుట్టుకొచ్చే ఏ విద్య అయినా, అది పద్యమైనా పాటైనా పప్పుచారైనా, దాని కింద రెండు సంగతులు కనిపిస్తాయి. లోపల ఏళ్ల తరబడి పోగైన నిల్వ ఒకటి. ఎదుట ఉన్న మనిషి మీద, వస్తువు మీద, క్షణం మీద పెట్టిన ధ్యాస రెండోది. ఈ రెండూ ఉంటే అడ్డంకి కూడా అక్కరకొస్తుంది. ఈ రెండింటిలో ఏది లోపించినా మిగిలేది తడబాటే.

దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి... ఇద్దరూ కలిసి తిరుపతి వేంకట కవులు. ఊరూరా శతావధానాలు చేసి, సంస్థానాల్లో మీసం మెలేసి నిలబడ్డ జంట. అంతకు ముందు వాళ్లు చర్ల బ్రహ్మయ్య శాస్త్రి దగ్గర కూర్చుని సంస్కృత వ్యాకరణం చదువుకున్న సహాధ్యాయులు. కావ్యాలు, నిఘంటువులు, ఛందస్సు నోటికి వచ్చిన తరవాతే సభకెక్కారు. రాముడికి రకారం లేని పేరు కావాలంటే అప్పుడు వెతుక్కుంటే కుదరదు. సీతాపతి, కోదండపాణి, కౌసల్యానందనుడు అంటూ మాటలు వాటంతట అవే వరస కట్టాలి. ఆ వరసలోంచి గణానికి సరిపడేదాన్ని మాత్రమే చెయ్యి పట్టుకుని లాగాలి. ఆశువుగా చెప్పిన పద్యానికి పట్టింది అర నిమిషమే కావచ్చు. దాని వయసు మాత్రం పదేళ్లో పదిహేనేళ్లో ఉంటుంది.

నాలుగు స్వరాలు చాలు

సంగీతంలో ఈ ఆశువిద్యకు మనోధర్మం అని పేరు. కచేరీలో త్యాగరాజ కృతి పాడుతున్నప్పుడు సాహిత్యం ఆయనది, వర్ణమెట్టు ఆయనది, సంగతులు గురుపరంపరగా వచ్చినవి. గాయకుడు మార్చడానికి లేదు. ఆ తరవాత నెరవు మొదలవుతుంది. ఒకే ఒక్క సాహిత్య పంక్తి. అవే మాటలు, అదే తాళం. రాగం మాత్రం ప్రతి ఆవర్తంలోనూ కొత్త దారి తొక్కుతుంది. మెల్లగా మొదలై, తారస్థాయికి పాకి, రెండో కాలంలోకి దూకుతుంది. ఆ వెనుకే కల్పనాస్వరాలు. ఎక్కడెక్కడ తిరిగినా సరిగ్గా ఎత్తుగడ దగ్గరికే వచ్చి వాలాలి. ఒక్క అక్షరకాలం తేడా వచ్చినా సభలో తాళం వేస్తున్న చేతులు పట్టేస్తాయి.

ఈ సమయంలో నా కళ్లు గాయకుడి మీద కంటే పక్కన కూర్చున్న వయొలిన్ విద్వాంసుడి మీదే ఎక్కువ ఉంటాయి. గాయకుడు ఏం పాడబోతున్నాడో ఆయనకు తెలియదు. విని, పట్టుకుని, మరు ఆవర్తంలోనే జవాబు చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు తిరిగి వాయిస్తే అనుకరణ. మరీ దూరం పోతే అపశ్రుతి. అవతలి మనిషి చెప్పినదాన్ని అందుకుని ఒక్క అడుగు ముందుకు వెయ్యాలి. మృదంగం వాయించేవారిదీ అదే పని. వేదిక మీద ముగ్గురు ఇంత శ్రద్ధగా ఒకరినొకరు వినడం నాకు వేరే చోట అంతగా కనిపించదు.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ ‘మహతి’, ‘లవంగి’ వంటి రాగాలను కేవలం నాలుగు స్వరాలతో కట్టారు. రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలన్నది అప్పటిదాకా ఉన్న వాడుక. స్వరాలు తగ్గించుకుంటూ పోతే పాడటానికి ఏం మిగులుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన ఆ నాలుగింటితోనే రాగాన్ని నిలబెట్టి చూపించారు. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు అన్నీ గొంతులో ఇంకిపోయినవాళ్లకే అది చెల్లుతుంది. వర్ణం మూడు కాలాల్లో పాడలేని శిష్యుణ్ని ఏ గురువూ స్వరకల్పనకు కూర్చోబెట్టడు.

మెదడులో ఆ క్షణాన ఏం జరుగుతుందో చూడాలని అమెరికాలో చార్లెస్ లింబ్, అలెన్ బ్రాన్ అనే పరిశోధకులు ఒక ప్రయత్నం చేశారు. ఆరుగురు జాజ్ పియానో కళాకారులను స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, చిన్న కీబోర్డు ఇచ్చి వాయించమన్నారు. కంఠతా వచ్చిన బాణీ వాయించినప్పుడు, సొంతంగా అల్లుకుంటూ వాయించినప్పుడు మెదడులో తేడా కనిపించింది. అల్లుకుంటున్నప్పుడు, మనల్ని మనం అదుపు చేసుకోవడంతో ముడిపడిన ముందుమెదడు పక్క భాగాలు నెమ్మదించాయి. మనసులోని మాటను బయటపెట్టడంతో ముడిపడిన మధ్యభాగం చురుకైంది. 2008లో వెలువడిన ఈ అధ్యయనం ఆరుగురితోనే చేసింది కనుక అంతా తేలిపోయిందనలేం. అయినా, తప్పు పోతుందేమోనని లోపల ఎవరో కాపలా కాస్తున్నంతసేపూ కొత్త సంగతి పలకదని చెప్పే గురువుల అనుభవానికి ఇది దగ్గరగానే ఉంది.

ఊరి సంగతి కథలోకి

బుర్రకథలో ముగ్గురు. నడుమ తంబురతో కథకుడు, చెరో పక్క గుమ్మెటలతో వంతలు. వంతల్లో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథ బొబ్బిలిదో పల్నాటిదో అయి ఉంటుంది. అది రాసిపెట్టుకున్నదే, ఏళ్లుగా చెబుతున్నదే. కానీ రాజకీయపు వంత నోరు తెరిస్తే ఆ ఊరి చెరువు గట్టు, ఆ ఏడు ధాన్యం ధర, మొన్న గెలిచిన నాయకుడి హామీ కథలోకి వచ్చేస్తాయి. పగలు ఊళ్లోకి దిగి, టీ కొట్టు దగ్గర కూర్చుని, ఎవరి గొడవ ఏమిటో విని పెట్టుకున్నవాళ్లే రాత్రి ఆ మాట అనగలరు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ ఈ కళను జనం గుండెల్లోకి తీసుకెళ్లారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ప్రజానాట్యమండలి రోజుల్లో బెంగాల్ కరువు కూడా బుర్రకథ అయింది. వందల ఏళ్ల నాటి యుద్ధం చెబుతూనే నిన్నటి వార్త మీద మాట విసరగలిగే ఆ వెసులుబాటే బుర్రకథను అన్నాళ్లు బతికించిందని నా నమ్మకం. వంతలకు మాట రాసిచ్చి, అక్షరం తప్పకుండా చదవమన్న రోజు నుంచీ దాని పస తగ్గింది.

మూడో బంతి

కళాకారుల సంగతి అలా ఉంచండి. గోదావరి జిల్లాలో ఒక పెళ్లి. నాలుగు వందల మందికి లెక్క చెబితే అంతకు మించి వచ్చారు. రెండో బంతి లేస్తుండగా వడ్డన కుర్రాడు పెరట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

“బాబాయ్, వంకాయ కూర నిండుకుంది. బయట ఇంకో బంతి కూర్చుంటున్నారు.”

గాడిపొయ్యి దగ్గర నిలబడ్డ వంటమేస్త్రి కంగారు పడలేదు. గిన్నెల వైపు ఒకసారి, గుడారంలోకి ఒకసారి చూశాడు.

“పెరుగెంతుందిరా?”

“రెండు బిందెలుంది.”

“ఒక బిందె చిలుకు. ఆ ఆనపకాయలు ఇటు తే, ముక్కలు పెద్దవిగా కొయ్యి. శనగపిండి నేను కలుపుతా.”

అల్లం, పచ్చిమిర్చి దంచారు. ఆనపకాయ ముక్కలు ఉడుకుతుండగానే మజ్జిగలో శనగపిండి జారుగా కలిపి పోశాడు. పసుపు, ఉప్పు వేశాడు. కొలత గిన్నె లేదు, గుప్పిటే కొలత. మంట ఎగిసిపడకుండా రెండు కట్టెలు వెనక్కి లాగాడు, లేకపోతే మజ్జిగ విరిగిపోతుందని. పక్క పొయ్యి మీద ఇంగువ, మెంతులు, ఎండుమిర్చి తాలింపు చిటపటలాడింది. మూడో బంతికి విస్తళ్లు వేసి, నీళ్లు చల్లి, పప్పు, పచ్చడి వడ్డించేసరికి మజ్జిగపులుసు తయారు. మగపెళ్లివారి తరఫు పెద్దాయన మారు అడిగి మరీ వేయించుకున్నారు. కూర అయిపోయిందన్న సంగతి ఆ బంతిలో ఎవరికీ తెలియలేదు.

ఆ మేస్త్రి దగ్గర పుస్తకం లేదు. పెరుగు ఎంతసేపట్లో పులుస్తుందో, శనగపిండి ఎంత పడితే చిక్కబడుతుందో చేతికి తెలుసు. అది నిల్వ. గుడారంలోకి చూసిన చూపుంది కదా, అది ధ్యాస. కూర్చున్నవాళ్లలో పిల్లలెందరు, పెద్దవాళ్లెందరు, కారం ఎంత ఆగుతుంది అని లెక్క వేసుకున్న చూపు.

మన ఆడవాళ్లు వంటింట్లో రోజూ చేసేదీ ఇదే. దీనికి చప్పట్లు లేవు. పిండి పులిస్తే పునుగులు. నిన్నటి ఇడ్లీలు మిగిలితే ఉప్మా. రాత్రి అన్నం మిగిలితే పొద్దున్న పులిహోర. తెలంగాణ ఇళ్లలో కూరగాయలు లేని పూట, పొయ్యి వెలిగించే తీరిక లేని పూట, ఇంత చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి పచ్చిపులుసు చేస్తారు. చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగిన రాత్రి ఎందరు అమ్మలు ఎన్ని కొత్త వంటలు కనిపెట్టి ఉంటారో! వాటికి పేర్లు పెట్టలేదు, ఎవరూ రాసుకోలేదు. సృజన అనే మాటను కవులకూ గాయకులకూ మాత్రమే రాసిచ్చేశాం. అది సరికాదు.

ధనుర్మాసంలో ముగ్గు వేసే చేతులను గమనించండి. పదిహేను చుక్కలు, సందుచుక్క ఎనిమిది వరకు. లెక్క కచ్చితం. పిండి వేళ్ల మధ్య నుంచి సన్నగా జారుతూ చుక్కలను చుట్టుకుంటూ పోతుంది. ఎక్కడో ఒక మెలిక తప్పుతుంది. అలవాటు లేనివాళ్లు చీపురు అందుకుంటారు. అలవాటున్న చెయ్యి ఆగదు. ఆ తప్పిన గీతనే ఇంకాస్త సాగదీసి ఆకు చేస్తుంది. ఒకవైపు ఆకు వచ్చింది కనుక మిగిలిన వైపులా ఆకులు వేస్తుంది. అనుకోని ముగ్గు ఒకటి వాకిట్లో తయారవుతుంది. మర్నాడు ఎదురింటివాళ్లు అదే ముగ్గు నేర్పమని అడుగుతారు.

బన్‌గావ్‌లో ఉప్పూ చక్కెరా

ప్రాణాలు పోతున్న చోట కూడా ఈ విద్యే అక్కరకొచ్చింది. 1971. తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులు లక్షల్లో సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌లోకి వస్తున్నారు. బన్‌గావ్ శిబిరంలో కలరా విరుచుకుపడింది. సెలైన్ సీసాలు చాలడం లేదు. సూది గుచ్చి ఎక్కించడం తెలిసిన మనుషులు అంతకన్నా లేరు. దిలీప్ మహలనబిస్ అనే పిల్లల వైద్యుడు అక్కడ ఉన్నారు. నోటి ద్వారా తాగించే ద్రావణంతో కలరా రోగిని నిలబెట్టవచ్చా అన్న విషయం మీద కలకత్తాలో అప్పటికి కొన్నేళ్లుగా పనిచేస్తున్నారు. పర్యవేక్షణ లేకుండా ఇళ్లవాళ్ల చేతికే దాన్ని ఇచ్చే ధైర్యం అప్పటిదాకా ఎవరూ చేయలేదు.

ఆయన చేశారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. కలకత్తాలో పొట్లాలు కట్టించి శిబిరానికి తెప్పించారు. డ్రమ్ముల్లో కలిపి పెట్టించారు. రోగుల వెంట వచ్చిన అమ్మలు, అన్నలు, అక్కలు దాన్ని పట్టుకెళ్లి గుక్కగుక్కగా తాగించారు. నూటికి 30 మంది దాకా చనిపోతున్న చోట ఆ సంఖ్య నాలుగుకు లోపు దిగింది. 1978లో ‘లాన్సెట్’ వైద్యపత్రిక ఈ ద్రావణ చికిత్స ఆ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య పురోగతి కాగలదని రాసింది. ఇవాళ మన ఊరి మందుల దుకాణంలో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లం వెనుక ఉన్న కథ ఇది. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడు ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఆపదలో ఏదో ఒకటి కలిపి తాగించారని ఈ కథను చెప్పకూడదు. పేగుల్లో గ్లూకోజు తోడుంటే ఉప్పు, దానితోపాటు నీరు ఒంటికి పడతాయని ఆయనకు ముందే తెలుసు. తెలిసినదాన్ని ఆ క్షణాన, ఆ జనానికి, ఉన్న వస్తువులతో ఎలా అందించాలన్నదే ఆయన కనిపెట్టారు.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉన్నదాంతో నెగ్గుకురావడాన్ని మెచ్చుకుంటూ, ఉండాల్సినవి లేకపోవడాన్ని మరిచిపోయే ప్రమాదం ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండగూడేల్లో రోడ్డు లేక గర్భిణులను డోలీలో మోసుకొస్తున్న వార్తలు ఇప్పటికీ చదువుతున్నాం. కర్రకు దుప్పటి కట్టి, బురదలో, వాగుల్లో మైళ్లకు మైళ్లు కుదుపు లేకుండా మోయడం గొప్ప నేర్పే. ఆ మనుషులకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ ఆ నేర్పును పొగిడి ఊరుకుంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే. అక్కడ కావలసింది రోడ్డు, అంబులెన్సు, దగ్గర్లో ఆసుపత్రి. ఆస్పత్రిలో మందుల్లేక నర్సు చేసే సర్దుబాటును, బడిలో గదుల్లేక టీచరు చెట్టు కింద చెప్పే పాఠాన్ని ‘మనవాళ్ల తెలివి’ అని మురిసిపోయే అలవాటు మానుకోవాలి.

తాటిబుర్రల బండి

వేసవిలో ముంజలు తినేశాక మిగిలిన తాటిబుర్రలు రెండు. వాటిని కలుపుతూ ఒక పుల్ల. తోయడానికి పంగలకర్ర. ఊరి పిల్లలకు బండి సిద్ధం. పుల్ల సరిగ్గా నడుమ దిగకపోతే చక్రం ఎగుడుదిగుడుగా ఊగుతుంది. అప్పుడు తీసి మళ్లీ గుచ్చుతారు. బుర్రలు రెండూ ఒకే పరిమాణంలో లేకపోతే బండి ఒకవైపే పోతుంది. అప్పుడు కుప్పలో వెతికి ఈడైనదాన్ని తెస్తారు. ఇరుసు, సమతూకం, రాపిడి అన్న మాటలు పుస్తకంలో చదవడానికి ముందే వాళ్ల చేతులకు తెలిసిపోతాయి. ఎవరూ మార్కులు వెయ్యరు. బండి నడిస్తే నడిచినట్టు, నడవకపోతే మళ్లీ చేసుకోవాల్సినట్టు.

ఇప్పుడు మన పిల్లలకు నిల్వకేమీ కొదవ లేదు. పొద్దున్న స్టడీ అవరు దగ్గర్నుంచి రాత్రి ట్యూషన్ దాకా బుర్రలోకి పోస్తూనే ఉన్నాం. వాడుకునే సందే ఇవ్వడం లేదు. ‘నాకు నచ్చిన పండుగ’ అన్న వ్యాసం కూడా గైడులోంచే బట్టీ పట్టిస్తున్నాం. తరగతిలో నలభై మందికీ ఒకే పండుగ, ఒకే కారణంతో నచ్చుతోంది. లెక్కను పిల్లవాడు తన దారిలో చేసి సరైన జవాబు తెచ్చినా, ‘స్టెప్పులు’ తప్పాయని మార్కులు కోసే చోట్లున్నాయి. తప్పు చేస్తే నష్టం అని చిన్నప్పుడే గట్టిగా నేర్పేశాక, పాతికేళ్లకు ఉద్యోగంలో చేరి, కాగితం మీద లేని చిక్కు ఎదురైనప్పుడు ఆ పిల్లలు బిగుసుకుపోతే తప్పు వాళ్లదా?

బట్టీని నేను తీసిపారేయడం లేదు. ఎక్కాలు, పద్యాలు, సూత్రాలు నోటికి రావాలి. అవధానులూ గాయకులూ కంఠస్థం మీదే నిలబడ్డారు. కానీ వాళ్ల గురువులు కంఠస్థం దగ్గర ఆగలేదు. పద్యం వచ్చిన శిష్యుడికి సమస్య ఇచ్చారు. వర్ణం వచ్చిన శిష్యుణ్ని ‘ఏదీ, నాలుగు ఆవర్తాలు స్వరం వెయ్యి’ అన్నారు. తప్పు పాడితే దిద్దారు, మళ్లీ పాడమన్నారు. ఆ రెండో మెట్టును మన బడుల్లో కొట్టేశాం.

దాన్ని తిరిగి కట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. టీచర్లకు నా విన్నపం: వారానికి ఒక్క పీరియడైనా సిలబస్ పక్కన పెట్టి, పిల్లలకు ఒక బొమ్మో, సగం కథో, నాలుగు మాటలో ఇచ్చి మిగతాది వాళ్లనే అల్లమనండి. ఆ పీరియడుకు మార్కులు వెయ్యకండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఈసారి సెలవుల్లో ఒక పూట వంటింటిని పిల్లలకు వదిలేయండి. ఫ్రిజ్‌లో ఏముందో చూసుకుని వాళ్లకు తోచింది చేయనివ్వండి. కత్తి, మంట దగ్గర మాత్రం పక్కనే ఉండండి. ఉప్పు ఎక్కువైనా తినండి. ఎక్కువైందని వాళ్లకు చెప్పండి. మర్నాడు మళ్లీ చేయమనండి.